తీగను బతికించుకుందాం
(సంత్ సేవాలాల్ మహారాజ్ జయంతి సందర్భంగా గిరిజన బాలికల హాస్టల్ వార్డెన్ ప్రసంగ పాఠం, జఫర్‌గఢ్)



చదువు గురించి, ఉద్యోగాల గురించి పెద్దలు చెప్పారు. నేను కందగడ్డ గురించి చెప్తాను. పుస్తకాల్లో దీన్ని చిలగడదుంప అంటారు. శివరాత్రి ఒక్కపొద్దుకు ఇది లేని ఇల్లు మన దగ్గర తక్కువ. కురవి వీరభద్రస్వామి జాతరకు పోయేవాళ్లు కూడా దీన్ని మూట కట్టుకుని పోతారు. కానీ ఇప్పుడు చాలామందిమి కిలోల లెక్కన కొంటున్నాం. పత్తి చేను ఇంటి గోడ దాకా వచ్చింది. మిగిలిన వాకిలికి సిమెంటు పోశాం. కందగడ్డ తీగకు చోటు లేకుండా పోయింది.

జొన్న గింజను గుమ్మిలో దాచుకోవచ్చు, చిక్కుడు గింజను మూట కట్టి వేలాడదీయవచ్చు. కందగడ్డను మనం గింజతో పెంచం, తీగతో పెంచుతాం. తీగను దాచలేం, బతికించాలి. ఎండాకాలంలో ఒక్క ఏడు తీగ ఎండిపోతే పక్కింటికి పోయి అడగాలి. పక్కింట్లో కూడా లేకపోతే తండా మొత్తంలో ఆ రకం పోయినట్టే. అందుకే గడ్డలు తవ్విన రోజే పురుగు పట్టని నాలుగు తీగలు పక్కకు తీసి, గోలెం పక్కన నీళ్లు పారే చోట నాటండి. వానలు పడేదాకా అవి పచ్చగా ఉంటే చాలు.

ఇక సాగు. మన ఎర్ర చెల్క నేల దీనికి బాగా సరిపోతుంది. నీళ్లు నిలిచే నల్లరేగడి పనికిరాదు. దవాళి నుంచి శివరాత్రికి నాలుగు నెలలకు ఒక రోజు తక్కువ, అంటే సుమారు 117 రోజులు. ఈ పంటకు 90 నుంచి 120 రోజులు పడుతుంది. దవాళికి వారం ముందు నాటి, శివరాత్రికి 12 రోజుల ముందు తవ్వితే లెక్క సరిగ్గా కుదురుతుంది.

పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు జాగా చాలు. మాగిన పశువుల ఎరువు కలిపి, రెండడుగులకు ఒకటి చొప్పున ఐదు బోదెలు పోయండి. జానెడు కంటే కాస్త పొడుగ్గా తీగ కొసలు కోసి, ఆకులతోనే రెండు రోజులు నీడన ఉంచండి. తర్వాత 8 అంగుళాలకు ఒకటి నాటండి. నడిమి కణుపులు మట్టిలో ఉండాలి, రెండు కొసలు పైకి ఉండాలి. బోదెకు 15 తీగల చొప్పున 75 తీగలు పడతాయి. తీగకు పావు కిలో ఊరినా 18 కిలోలు దాటుతుంది. యూరియా ఎక్కువ వేస్తే తీగ పెరుగుతుంది కానీ గడ్డ ఊరదు.

రెండు వారాలకు ఒకసారి, ఐదు వారాలకు ఒకసారి బోదెకు మట్టి ఎగదోయండి. గడ్డ ఊరేకొద్దీ నేల పగులుతుంది, ఆ పగుళ్లలోంచే ముక్కుపురుగు దిగుతుంది. అది తొలిచిన గడ్డ చేదెక్కుతుంది. దాన్ని పశువులకు కూడా వేయొద్దు, విషం.

తవ్వే ముందు ఒక గడ్డ కోసి చూడండి. కోసిన చోట పాలు నల్లబడకుండా ఆరితే ముదిరినట్టు. ఆకుపచ్చగా, నల్లగా మారితే ఇంకా ఆగాలి. గుద్దలి మొదట్లో వేయకుండా దూరంగా వేసి, చేతితో మట్టి తీయండి.

చాలామంది వదిలేసే పని ఇక్కడే ఉంది. తవ్విన గడ్డను కడగొద్దు, ఎండలో వదలొద్దు. తెగినవి ముందుగా వండుకోండి. మిగతావి గాలి ఆడే గదిలో ఒకే వరుసగా పరిచి, తడిపి పిండిన గోనెసంచి కప్పండి. 30 డిగ్రీల వేడి, గాలిలో మంచి తేమ ఉంటే వారం రోజుల్లో గీతలు పడిన చోట కొత్త తోలు కడుతుంది. లోపలి పిండి పదార్థం కొంత చక్కెరగా మారుతుంది. అప్పుడే తీపి వస్తుంది. తర్వాత గంపలో పొడి ఇసుక పోసి దాచండి. ఫ్రిజ్‌లో పెట్టొద్దు, చలికి లోపల గట్టిపడి చెడిపోతుంది.

హాస్టల్‌లో ఆడపిల్లల తిండి చూసేదాన్ని కాబట్టి ఇంకో మాట. గడ్డ లోపల నారింజ రంగు ఉంటే అందులో బీటా కెరోటిన్ ఉన్నట్టు. మన ఒళ్లు దాన్ని విటమిన్ ఎ గా మార్చుకుంటుంది, అది కంటిచూపుకు బలం. తిరువనంతపురంలోని కేంద్ర దుంప పంటల పరిశోధన సంస్థ ‘భూ సోనా’ అనే రకం ఇచ్చింది. మామూలు రకాల్లో 100 గ్రాములకు 2, 3 మిల్లీగ్రాములు ఉంటే, ఇందులో 14 ఉంటుంది. ఆఫ్రికాలో ఇలాంటి నారింజ గడ్డను పేదల ఇళ్లకు చేర్చిన శాస్త్రవేత్తలకు 2016లో ప్రపంచ ఆహార బహుమతి ఇచ్చారు. మనం నామోషీ పడే తిండికి ప్రపంచం ఇచ్చిన విలువ అది.

చెల్లెళ్లూ, తమ్ముళ్లూ, మీరు హైదరాబాద్‌లో చదవండి, ఉద్యోగం చేయండి. పండుగకు ఇంటికొచ్చినప్పుడు మీ యాడీని ఒక్క మాట అడగండి, మన ఇంట్లో తీగ ఉందా అని. లేదంటే మా హాస్టల్ పెరట్లో ఉంది. తడి గోనెసంచి తెచ్చుకుని రండి, కోసి ఇస్తాను. డబ్బులు వద్దు. వచ్చే ఏడు మీ పక్కింటివాళ్లు అడిగితే మీరు కోసి ఇవ్వండి.

జై సేవాలాల్.