బయటి తిండి తగ్గిద్దాం, మన కడుపు మాడ్చుకోకుండా

(మండల సమాఖ్య వార్షిక సమావేశంలో మాట్లాడిన మాటలు)



ఇంటి ఖర్చు తగ్గించుకొని పొదుపు ఎట్ల పెంచుకోవాలె అన్న దాని మీద మమ్మల్ని మాట్లాడమన్నరు. పెండ్లిళ్లు, పండుగలు, దవాఖాన, ఫోన్లు అన్నీ మాట్లాడితే పొద్దు సరిపోదు. అందుకే ఒక్కదాని గురించే చెప్తం. అది బయట కొనుక్కొని తినే తిండి.

పల్లెటూర్లల్ల హోటల్ ఖర్చు ఎక్కడిది అని మీకు అనిపించవచ్చు. 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీ బస్సుల మనకు టికెట్ పైసలు లేవు. బయ్యారం నుంచి మానుకోటకు పోయినా, ఇల్లందుకు పోయినా జీరో టికెట్టే. చాలా మంచిగ అయింది. బ్యాంకుకు, దవాఖానకు, అంగడికి ఇంట్ల ఎవరినీ పైసలు అడగకుండ పోతున్నం. కానీ బస్సుల మిగిలిన పైసలు బస్టాండు కాడ్నే అయిపోతున్నయి. పోంగనే ఇడ్లీ, చాయ్. ఎండకు పిల్లలకు కూల్ డ్రింకు. బస్సు ఆలస్యమైతే మిర్చిబజ్జి. ఇంటికి వచ్చేసరికి వంటకు ఓపిక ఉండదని బిర్యాని పార్సిల్.

ఒక లెక్క చూద్దాం. ఇది ఏ ఒక్కరి ఇంటి లెక్క కాదు, అర్థం కావడానికి చెప్తున్నం. ఇంటికి వారానికి 150 రూపాయలు బయటి తిండికి పోతున్నయి అనుకుందాం. ఏడాదికి 52 వారాలు, 7,800 రూపాయలు. అందులో సగం తగ్గిస్తే 3,900 మిగులుతయి. పది మంది ఉన్న సంఘంల 39,000. అదే ఆపదకు పది వేలు బయట మూడు రూపాయల మిత్తికి తెస్తే నెలకు 300, ఏడాదికి 3,600 మిత్తే కట్టాలె. అసలు అట్లనే ఉంటది. అంటే మనం వారానికి 75 రూపాయలు ఆపుకుంటే, ఒక మిత్తి వ్యాపారి గడప ఎక్కకుండ ఉండొచ్చు. సంఘం పైసల నుంచే అప్పు తీసుకుంటే ఆ మిత్తి కూడ మన సంఘంలనే ఉంటది.

ఇగ అసలు ముచ్చట. పొదుపు అనంగనే మన ఆడవాళ్లు ముందు చేసే పని తమ తిండి మానుకునుడు. పిల్లలకు ఇడ్లీ కొనిచ్చి, మనకు ఆకలి లేదంటం. చాయ్ తాగి మిర్చి ఏరబోయి మధ్యాహ్నం దాక గట్లనే ఉంటం. ఇది పొదుపు కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల తెలంగాణల 15 నుంచి 49 ఏండ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి పైగ రక్తం తక్కువున్నదని తేలింది. ఇయ్యాల మన తిండి మీద మిగిల్చిన యాభై రూపాయలు రేపు దవాఖానల ఎన్ని రెట్లయితయో చెప్పనక్కర్లేదు. కాబట్టి తగ్గించేది బయట కొనుడు, తినుడు కాదు.

మా సంఘంల నాలుగు పనులు పెట్టుకున్నం. మీకు నచ్చితే మీరూ చేయండి.

ఒకటి, రాసుకునుడు. నాలుగు వారాలు బయట తిన్న ప్రతి రూపాయి ఒక నోటుబుక్కుల రాయాలె. చదువు రానివాళ్లు పిల్లలతో రాయించుకోవచ్చు. చిన్న పిల్లల అయిదు, పది రూపాయల పాకెట్లు కూడ రాయాలె. అవే ఎక్కువ తేలుతయి.

రెండు, బయటికి పోయే రోజు సద్ది కట్టుకునుడు. సర్వపిండి, పులిహోర, శనగ గుడాలు, పల్లీలు బెల్లం ఏదైనా సరే, ఒక సీసల నీళ్లు. 2025 ఏప్రిల్ నుంచి రేషన్‌ల మనిషికి 6 కిలోల సన్నబియ్యం వస్తున్నయి. ఇంట్ల బియ్యం ఉండంగ బస్టాండుల అన్నం కొనుడెందుకు?

మూడు, పని పంచుకునుడు. బయటి తిండి తగ్గిందని మనం తెల్లవారుజామున ఇంకో గంట ముందు లేసుడు న్యాయం కాదు. బియ్యం కడుగుడు, ఉల్లిగడ్డ కోసుడు, గిన్నెలు తోముడు ఇంటాయనకు, కొడుకులకు కూడ చెప్పాలె. వాళ్లు బయట తినే దాని లెక్క కూడ అదే బుక్కుల ఎక్కాలె. మనం ఇడ్లీ మానుకొని, వాళ్లు మందు మీదికి చికెన్ పకోడి తెచ్చుకుంటే పొదుపు ఎక్కడిది?

నాలుగు, మిగిలినవి ఆ వారం మీటింగులనే కట్టుడు. పైసలు కొంగుకు ఉంటే ఏదో ఒకదానికి పోతయి. పాసుబుక్కుల ఎక్కితేనే అది పొదుపు. వారం వారం మీటింగు, వారం వారం పొదుపు మన పంచసూత్రాలల్ల ఉన్నవే, కొత్తవి కావు.

ఇంకో మాట. మనలోనే టిఫిన్ బండ్లు, మిర్చి బండ్లు పెట్టుకున్న అక్కలున్నరు. సంఘం లోన్లు తీసుకొనే పెట్టుకున్నరు. 2024 నుంచి ఇందిరా మహిళా శక్తి క్యాంటీన్లు కూడ మహిళా సంఘాలే నడుపుతున్నయి. వాళ్ల పొట్ట కొట్టాలని మేం చెప్తలేం. బయట తినక తప్పని రోజు మన అక్క దగ్గరనే తిందాం. ఆ అక్కలను కూడ ఒకటి అడుగుతున్నం, కాగిన నూనెనే మళ్ల మళ్ల కాగబెట్టకండి. మన పిల్లలే తినేది.

పండుగకో, పిల్లలు పాసయినప్పుడో ఇంటిల్లిపాది కలిసి పోయి తింటే తప్పు లేదు. అనుకొని తిన్నది సంతోషం. అనుకోకుండ పోయే పైసల గురించే మా బాధ.

మన బయ్యారం పెద్ద చెరువు కాకతీయ గణపతిదేవుని సోదరి మైలాంబ కట్టించిందే, శాసనం ఉన్నది. చెరువు ఎంత పెద్దదైనా కట్టకు చిన్న బుంగ పడితే రైతులు ఊరుకోరు, ఆ రోజే మన్ను పోస్తరు. మన ఇంటి ఖర్చుల కూడ బుంగ ఎక్కడున్నదో ముందు చూసుకోవాలె.

ప్రతి గ్రామ సంఘం వచ్చే నెల మీటింగుల ఈ నాలుగు పనులను ఎజెండాల పెట్టి మాట్లాడాలని, మూడు నెలలకు ఎంత పొదుపు పెరిగిందో సమాఖ్యకు చెప్పాలని కోరుతున్నం.