పాత ఇనప కొట్టు, లెక్క పుస్తకం
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ బడిలో పాఠాలు చెప్పుకొనేవాళ్ళము. తెలుగులో అక్కడక్కడ తడబడితే మన్నించాలి. చదువుల గురించి చెబుతామని అనుకొని ఉంటారు. ఈసారి పాత ఇనప సామాన్ల వ్యాపారం గురించి నాలుగు మాటలు మనవి చేసుకొంటాము. ఆ వ్యాపారం మీద బ్రతికే కుటుంబాలు ఈ సభలో తక్కువేమీ లేవు.

మా బడిలో గంట అంటే వేలాడగట్టిన రైలు పట్టా ముక్క. (అది బడికి ఎలా వచ్చిందో అడగవద్దు, మేము చేరేనాటికే ఉంది.) ఒక సోమవారం వచ్చి చూస్తే ముక్క లేదు, కట్టిన తీగ మాత్రం ఉంది. రెండు రోజులకు దగ్గర్లోని ఒక కొట్టులో కాటా పక్కనే దొరికింది. ఎవరు తెచ్చారు భాయ్ అంటే, "ఎవరో తెచ్చారు మాస్టర్ సాబ్, రోజుకు నలభై మంది వస్తారు, ఎవరినని గుర్తుపెట్టుకోవాలి?" అన్నాడాయన. పుస్తకం లేదు, చీటీ లేదు.

ఇక అందరి వేళ్ళూ మా ఎనిమిదో తరగతి కుర్రాడి వైపే తిరిగాయి. పొద్దున చిత్తు ఏరుకొని, తరువాత బడికి వచ్చేవాడు. వారం రోజులు రాలేదు. పక్కన ఇల్లు కట్టే పనికి వచ్చిన మనిషి ఇంకో సామాను అమ్మబోతే, కొట్టాయన గుర్తుపట్టాడు. పట్టా ముక్క తెచ్చింది అతనే. ఆ సంగతి చెప్పడానికి మేమే కుర్రాడి ఇంటికి వెళ్ళాము. వాళ్ళమ్మ టీ ఇచ్చింది గాని మాతో మాట్లాడలేదు.

"మేము దొంగిలించలేదు, కొన్నాము" అంటే చట్టం ఊరుకోదు. దొంగ సొత్తని తెలిసిగాని, అలా నమ్మడానికి కారణం ఉండిగాని పుచ్చుకొంటే మూడేళ్ళ వరకు ఖైదు. పాత పీనల్ కోడులో అది 411వ సెక్షను, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 317వది. రైల్వే సామానయితే 1966 నాటి చట్టం ఇంకా గట్టిది. అనుమానం కలిగే రీతిలో మన దగ్గర దొరికితే, న్యాయంగా వచ్చిందని రుజువు చేసుకోవలసింది మనమే.

దొంగ కూడా ఆ రాగిని తినడు గదా! పొలాల్లో ట్రాన్స్‌ఫార్మర్ విప్పి, ఆయిలు పారబోసి, లోపలి రాగి చుట్టలు పట్టుకుపోతారు. వాళ్ళకు వచ్చేది కొద్ది వేలు, రైతుకు పోయేది పైరు. కొనే కాటా లేకపోతే ఆ పని ఎవడు చేస్తాడు?

ఇంగ్లండులో 2005లో హెన్రీ మూర్ అనే శిల్పి చేసిన రెండు టన్నుల కంచు బొమ్మను ఎత్తుకుపోయారు. దాని ఖరీదు 30 లక్షల పౌండ్లట. కరిగించి 1500 పౌండ్లకు మించని ధరకు అమ్మి ఉంటారని పోలీసుల అంచనా. చర్చి కప్పుల సీసం, రైలు సిగ్నలు కేబుళ్ళు కూడా పోతుంటే వాళ్ళు 2013లో చట్టం చేశారు. కొట్టుకూ, వీధుల్లో తిరిగి కొనేవాడికీ మూడేళ్ళ లైసెన్సు. అమ్మేవాడి పేరు, చిరునామా సరిచూడాలి, లెక్కలు మూడేళ్ళు దాచాలి. రొక్కం ఇవ్వరాదు, చెక్కు గాని బ్యాంకు ద్వారా గాని ఇవ్వాలి. దొంగతనాలు తగ్గాయి. అయితే ఆ ఏళ్ళలో రాగి ధర కూడా పడిపోయింది, పుణ్యమంతా చట్టానిదే అనలేము.

రొక్కం మాట మాత్రం మనకు కుదరదని మా అభిప్రాయం. సాయంత్రం కిలో రేకు అమ్మి ఆ డబ్బుతోనే బియ్యం కొనే మనిషిని బ్యాంకుకు పంపితే పస్తుంటాడు. ఫోనులో పంపవచ్చునంటారు, ఫోను లేనివాళ్ళు మన గల్లీలోనే ఉన్నారు. డబ్బాలు, సీసాలు వదిలేయండి. రాగి తీగ, మోటారు, ఇత్తడి కుళాయి, మ్యాన్‌హోల్ మూత, పట్టా ముక్క - ఇవి వస్తే మాత్రం పేరు, ఊరు, బండి నెంబరు, తూకం రాసుకొనే చట్టం రావాలి. వచ్చేదాకా మనమే రాసుకొందాము. ఆ పుస్తకాలు అచ్చువేయించి ఇమ్మని కమిటీవారిని కోరుతున్నాము.

ఆ కొట్టాయన అప్పుడే మొదలుపెట్టాడు, కాని ఉర్దూలో. స్టేషనులో చదవలేరని భయపడి, ఆదివారాలు పక్కనే తెలుగులో ఎక్కించడానికి ఒకరిని పెట్టుకొన్నాడు. ఆ చేతివ్రాత మా ఎనిమిదో తరగతి కుర్రాడిదే.