మోంతేన్ గ్రంథాలయము
(రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



జీవితమును గూర్చియు, సత్యమును గూర్చియు, మానవ స్వభావమును గూర్చియు మహనీయులు ఏమి తలంచిరో చెప్పవలసినదిగా కార్యదర్శిగారు నన్ను కోరినారు. ఇది సముద్రమువంటి విషయము. సోక్రటీసు మొదలు టాల్‌స్టాయి వరకు పేర్లు వరుసగా చదివి, ఒక్కొక్కరి సూక్తి నొకదానిని వల్లించి కూర్చుండుట నాకు సులభమే. ఇల్లు చేరులోపల వానిని మరచుట మీకును అంత సులభమే. అందుచేత ఒక్క మనుష్యుని గూర్చి మాత్రము చెప్పెదను. ఆయన పల్లెటూర గ్రంథాలయమును ఏర్పరచుకొని, అందు కూర్చుండి తన్ను తాను పరీక్షించుకొనిన ఫ్రెంచి రచయిత మిషెల్ ద మోంతేన్.

ఆయన 1533లో ఫ్రాన్సు దేశపు నైరుతి భాగమున, బోర్డో నగరమునకు తూర్పుననున్న పల్లెసీమలో, జమీందారుల యింట జన్మించెను. తండ్రి వింత యూహలు గలవాడు. పసిబిడ్డను కొంతకాలము బీదల పల్లెలో పెంపునకుంచెను. పిదప మాతృభాషకన్న ముందు లాటిను నేర్పించెను. పనివారు సైతము ఆ పిల్లవానితో తమకు వచ్చిన నాలుగు లాటిను ముక్కలే పలుకవలెనట! పెరిగి పెద్దవాడై బోర్డో న్యాయస్థానమున చాలకాలము ఉద్యోగము చేసెను. 1563లో ప్రాణమిత్రుడు లా బొయేసీ మరణించుటతో ఆయన మనస్సు చెదరెను. 1571లో, తన ముప్పదియెనిమిదవ జన్మదినమున, ఉద్యోగవ్యాపారములు చాలించి స్వగ్రామమున స్థిరపడితినని గోడపై వ్రాయించుకొనెను.

ఆ యింటి బురుజులో క్రింద ప్రార్థనమందిరము, నడుమ పడకగది, పైన గ్రంథాలయము. గది గుండ్రనిది. గోడవెంట ఐదు వరుసల అరలు, వానిలో సుమారు 1000 గ్రంథములు. కిటికీనుండి చూచిన తోటయు, పశువుల పెరడును కనబడెడివి. 1885లో భవనము అగ్నికి ఆహుతియైనను ఆ బురుజు మిగిలినది.

మన గ్రంథాలయములలో గోడలపై సూక్తులు వ్రాయించు ఆచారము కలదు గదా! మోంతేన్ పైకప్పు దూలములపై గ్రీకు, లాటిను వాక్యములు వ్రాయించెను. అందు పెక్కు మానవుని జ్ఞానము ఎంత స్వల్పమో చెప్పునవే. కొన్నింటిపై రంగు పూయించి వేరు వాక్యములు వ్రాయించెను. ఈ పని నాకు మిక్కిలి నచ్చినది. సూక్తి ఎంత గొప్పవానిదైనను, తన యనుభవముతో సరిపోలనిచో దానిని చెరపవలసినదే యని ఆయన మతము కాబోలు.

ఇది తీరికగల ధనికుని వినోదమని తలంపరాదు. 1562 మొదలు ఆ దేశమున కాథలిక్కులును, ప్రొటెస్టెంట్లును పలుమారులు ఒకరినొకరు చంపుకొనిరి. 1572లో పారిసు నగరమున ఘోరమైన హత్యాకాండ జరిగెను. సత్యము మా పక్షమేయని ఉభయులును ఘోషించిన దినములవి. మోంతేన్ కాథలిక్కుగనే జీవించెను. కాని, మంత్రగత్తెలను నెపమున స్త్రీలను కాల్చుట చూచి, మన యూహ ఎంత బలమైనదైనను దాని నాధారము చేసికొని యొకరి ప్రాణము తీయరాదని వాదించెను. 1562లో రువాఁ నగరమునకు బ్రెజిలు ఆదిమవాసులు కొందరు తేబడిరి. కొందరు సమృద్ధిగా భుజించుచుండగా మరికొందరు వారి వాకిళ్లలో ఆకలితో మాడుచు ఊరకుండుటయేమని వారు విస్తుపోయిరట. మనకు అలవాటులేనిదానినెల్ల అనాగరికమనుట మన స్వభావమని ఆయన గ్రహించెను.

ఇట్టి పరీక్షలనే ఆయన గ్రంథముగా వ్రాసెను. దానికి పెట్టిన పేరునకు ఫ్రెంచిలో ప్రయత్నములని, పరీక్షలని అర్థము. మనము నేడు వ్యాసమనుచున్న ప్రక్రియకు ఐరోపాలో ఆ పేరు అటులనే స్థిరపడినది. 1580లో రెండు భాగములు వెలువడినవి. 1588లో మూడవది చేరినది.

మృత్యువును ధైర్యముతో ఎదుర్కొనుట ఎట్లని ఆయన యౌవనమునుండి సెనెకా మున్నగువారి గ్రంథములు వెదకెను. ఆయన బోర్డో మేయరుగా పనిచేయు కాలము 1585లో ముగియుచుండగా ఆ ప్రాంతమున ప్లేగు చెలరేగెను. కుటుంబముతో ఆరు మాసములు ఊరూర తిరుగవలసి వచ్చెను. ఎవరును చేరనిచ్చినవారు కారు. ద్రాక్షపండ్లు కోయువారులేక తీగెలకే వ్రేలాడినవి. ఆ దినములలో రైతుకూలీలు కొందరు ఆరోగ్యముగా నుండగనే తమ గోతులు తామే త్రవ్వుకొనిరట. ఆయన కూలివాడొకడు చనిపోవుచు చేతులతోను, కాళ్లతోను తనపై మన్ను లాగుకొనెను. తత్త్వవేత్తలు జీవితమంతయు అభ్యసించినదానిని అక్షరమెరుగని యీ జనులు పల్లెత్తుమాట లేక నెరవేర్చిరని మోంతేన్ వ్రాసెను.

దీనినిబట్టి చదువు నిరర్థకమని కొందరందురు. నేనంగీకరింపను. ఆ వేయి గ్రంథములు చదువనిచో, ఆ కూలివానియందు సెనెకాకు సాటియైనవానిని చూచు కన్ను ఆయనకు లభించెడిదా? అయినను నాకొక సందేహము కలదు. ఆయన చూచినది నిజముగా ధైర్యమా, లేక దిక్కులేనితనమా? ఆకలిగొన్నవాని మౌనమును ఓర్పుగా ఎంచుట పెద్దయింటివారికి సులభము. ఆ కూలివారు స్వయముగా వ్రాసిపెట్టిన పంక్తి యొక్కటియు మనకు చేరలేదు. మానవ స్వభావమును గూర్చిన గ్రంథములన్నిటను ఈ కొరత కలదు. వ్రాసినవారు కొలదిమంది, వ్రాయబడినవారు కోట్లకొలది.

1592లో మరణించువరకు మోంతేన్ తన ముద్రిత గ్రంథపు అంచులలో క్రొత్త యూహలు చేర్చుచునే యుండెను. ఆ ప్రతి నేటికిని బోర్డో పురపాలక గ్రంథాలయమున భద్రముగా నున్నది. ఈ మాట విని మన పుస్తకముల అంచులలో వ్రాయబూనకుడు. గ్రంథపాలకునికి నేను జవాబు చెప్పవలసి వచ్చును! కాని కార్యవర్గమువారికి ఒక మనవి. పత్రికల బల్లపై ఒక తెల్లకాగితముల నోటుపుస్తకమును ఉంచుడు. చదివిన గ్రంథములో ఏ మాట తమ యనుభవమునకు సరిపడెనో, ఏది సరిపడలేదో, దున్నువారును, నేయువారును, గృహిణులును అందు వ్రాయుదురుగాక. వ్రాయరానివారు చెప్పగా బడిపిల్లలు వ్రాసిపెట్టవచ్చును. మొదటి పుస్తకమునకు వెల నేనిచ్చుచున్నాను.