మనం పీల్చే గాలి ఎటు పోతుంది?



పొద్దున లేచింది మొదలు రాత్రి నడుం వాల్చేదాకా మనం చేసే పనులకు లెక్కాపత్రం ఉండదు. నీళ్లు పట్టడం, వంట, పిల్లల బడి, బట్టలు, మళ్లీ వంట. ఈ పనుల్లో ఏదో ఒకటి రేపటికి వాయిదా వేసినా ఇల్లు నడుస్తుంది. కాని మన ఒళ్లు ఒక్క పూట కూడా వాయిదా వెయ్యలేని పని ఒకటుంది. అదే ఊపిరి. తీరిగ్గా కూర్చున్నప్పుడు పెద్దవాళ్లు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తారు. ఒక్కోసారి లోపలికి పోయే గాలి సుమారు అర లీటరు. లెక్క కడితే రోజుకు 10,000 లీటర్ల పైమాటే. 15 లీటర్ల బిందెతో కొలిస్తే దాదాపు 700 బిందెలు! అంత గాలి ఏ దారిన పోతుందో, లోపల ఏం చేస్తుందో ఈవేళ చెప్పుకుందాం.

గాలికి వీధి గుమ్మం ముక్కు. అందులో ఉండే వెంట్రుకలు దుమ్మును ఆపుతాయి. తడిగా ఉండే పొర గాలిని వెచ్చబరిచి, చెమ్మ చేసి లోపలికి పంపుతుంది. నోటితో పీలిస్తే ఈ వడపోత సరిగా జరగదు. పిల్లలు ఎప్పుడూ నోరు తెరుచుకుని నిద్రపోతుంటే ‘అలవాటులే’ అని ఊరుకోకుండా డాక్టరుకు చూపించమనేది అందుకే.

ముక్కు దాటాక గొంతు. ఇది నాలుగు రోడ్ల కూడలి లాంటిది. అన్నమూ ఇటే పోవాలి, గాలీ ఇటే పోవాలి. ముందువైపు గాలిగొట్టం, దాని వెనక అన్నవాహిక. మింగేటప్పుడు గాలిగొట్టం పైన ఉన్న చిన్న మూత వాలి, దారి మూసేస్తుంది. దాన్ని ఉపజిహ్విక అంటారు. మాట్లాడుతూనో, నవ్వుతూనో తిన్నప్పుడు ఆ మూత పడేలోపే మెతుకు జారితే పొలమారుతుంది. ఎవరో తలుచుకుంటున్నారని మనం నెత్తిన తట్టుతాం గాని, తలుచుకున్నది ఎవరూ కాదు, తప్పు దారి పట్టిన మెతుకే!

ఆ గాలిగొట్టం పొడవు సుమారు 10, 12 సెంటీమీటర్లు. అది మూసుకుపోకుండా దాని చుట్టూ మెత్తటి ఎముకతో చేసిన కడియాలు ఉంటాయి. కడియానికి ఒకవైపు నోరు తెరిచి ఉన్నట్టే వీటికీ వెనకవైపు ఖాళీ ఉంటుంది. పెద్ద ముద్ద మింగినప్పుడు వెనకనున్న అన్నవాహిక కాస్త సాగడానికి ఆ ఖాళీ చోటిస్తుంది. కింద ఈ గొట్టం రెండుగా చీలి, కుడి ఎడమ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కుడిదానికి మూడు భాగాలు, ఎడమదానికి రెండే. గుండెకు చోటివ్వాలి కదా!

ఇక్కడ తల్లులు గుర్తుంచుకోవలసిన మాట ఒకటి. కుడివైపు గొట్టం కాస్త వెడల్పు, కాస్త నిటారు. పిల్లలు నోట్లో పెట్టుకున్న చింతగింజ, వేరుశనగ పలుకు, గుండీ వంటివి జారితే ఎక్కువగా అటే పోతాయి. ఆడుకుంటూ ఆడుకుంటూ పిల్లవాడు ఒక్కసారిగా దగ్గి, పిల్లికూతలు పెట్టడం మొదలుపెడితే జలుబని మందు పొయ్యకండి, ఆసుపత్రికి తీసుకెళ్లండి. నాలుగేళ్లలోపు పిల్లలకు పలుకులు నూరిగాని, పొడి కొట్టిగాని పెట్టండి.

గొట్టాలు చెట్టు కొమ్మల్లా చీలి, చీలి, చివరకు సన్నటి బుడగలతో ముగుస్తాయి. వీటిని వాయుగోణులంటారు. ఇవి రెండు ఊపిరితిత్తుల్లో కలిపి 30 కోట్ల నుంచి 50 కోట్లదాకా ఉంటాయి. వాటి పొర ఎంత పల్చనంటే, అవతలివైపు సన్నని రక్తనాళాల్లోకి ప్రాణవాయువు ఇట్టే దూరిపోతుంది. రక్తంలోని బొగ్గుపులుసు వాయువు ఇటు వచ్చేస్తుంది. మనం పీల్చే గాలిలో ప్రాణవాయువు నూటికి 21 పాళ్లు. వదిలే గాలిలో సుమారు 16 పాళ్లే. ఆ తేడానే మన కండకూ, మెదడుకూ ఆధారం.

ఊపిరితిత్తి అన్న మాటలోనే కొలిమి తిత్తి ఉంది చూశారా! తిత్తి తనంతట తాను లేవదు, కమ్మరి లాగాలి. ఇక్కడ కమ్మరి పని చేసేవి పక్కటెముకల మధ్య కండరాలూ, ఛాతీకీ పొట్టకూ నడుమ ఉన్న ఉదరవితానం అనే పొరా. ఆ పొర కిందికి దిగితే ఛాతీ విశాలమై గాలి లోపలికి వస్తుంది. ఆ పొరే ఉన్నట్టుండి అదిరితే ఎక్కిళ్లు.

ఇంత చక్కటి ఏర్పాటుకు మన వంటింటి పొగే శత్రువు. కట్టెలు, పిడకల పొగలో ఉండే నలుసులు తలవెంట్రుకలో ఇరవయ్యో వంతుకన్నా సన్నవి. ముక్కు వెంట్రుకలకు అవి చిక్కవు, తిన్నగా వాయుగోణుల దాకా పోతాయి. ఇళ్లలోని ఇలాంటి పొగవల్ల 2020లో ప్రపంచం మొత్తంమీద సుమారు 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం, 2016లో దేశమంతటా ఉజ్జ్వల పథకం వచ్చి ఎన్నో వంటిళ్లకు గ్యాసు చేరింది. అయినా నీళ్ల కాగుకనీ, సిలిండరు ఆదాకనీ కట్టెల పొయ్యి వెలిగించే ఇళ్లు ఇంకా ఉన్నాయి. బీడీ ముట్టని అత్తగారికి ఆయాసం ఎందుకొచ్చిందా అనుకుంటాం. నలభై ఏళ్లు ఊదుగొట్టం పట్టింది ఆవిడే కదా! కట్టెలు తప్పనప్పుడు ఎండినవే వాడండి, పొయ్యి ఆరుబయట పెట్టండి, చంటిపిల్లను చంకనెత్తుకుని పొయ్యి దగ్గర కూర్చోకండి. తలుపులు బిగించిన గదిలో దోమల చుట్ట వెలిగించడమూ పొగే సుమా!

చివరగా, ప్రతి తల్లికీ తెలిసి తీరవలసిన లెక్క. పిల్లవాడికి దగ్గు, జ్వరం ఉన్నప్పుడు, ఏడవకుండా ఉన్న సమయం చూసి చొక్కా పైకెత్తి, గడియారం పెట్టుకుని నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలల్లోపు బిడ్డకు 60, ఏడాదిలోపు 50, అయిదేళ్లలోపు 40, అంతకు మించినా సరే, సరిగ్గా అంతే ఉన్నా సరే, న్యుమోనియా కావచ్చు. డొక్కలు ఎగరేస్తున్నా, పెదవులు నీలంగా మారినా, పాలు తాగలేకపోయినా తెల్లారనిద్దాం అనుకోవద్దు. వాములూ, పసర్లూ పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. పెద్దవాళ్లకైతే రెండు వారాలు దాటిన దగ్గును నిర్లక్ష్యం చెయ్యకండి. కళ్లె పరీక్ష ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగానే చేస్తారు.

ఇంట్లో అందరి ఆకలీ కనిపెట్టేది మనమే. అందరి ఊపిరీ కనిపెట్టడం కూడా మన చేతిలో పనే. దానికి కావలసింది ఒక గడియారం, ఒక్క నిమిషం తీరిక.

సెలవు.