టీకాలు, తల్లుల అంగీకారం

(పూర్ణా మార్కెట్‌లో కూరగాయలు అమ్మే స్త్రీలతో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



టీకాల సంగతి డాక్టర్లది కదా, మనకెందుకు అని ఒకరిద్దరు అన్నారు. జిల్లాలో ఈ పని చూసే డాక్టరుని ఇమ్యునైజేషన్ అధికారి అంటారు. ఆ ఉద్యోగమంతా ఒక లెక్క చుట్టూ తిరుగుతుంది: పిల్లలెందరు, టీకా ఎందరికి పడింది, మందు చల్లదనం పోకుండా చేరిందా. ఆ లెక్కని నేను తక్కువ చెయ్యను. 1995లో పల్స్ పోలియో మొదలైంది; 2011 జనవరి తర్వాత దేశంలో సహజ పోలియో వైరస్ కేసు లేదు. ఇంటింటికీ తిరిగింది మాత్రం ఏ.ఎన్.ఎం.లు, అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలు. పేరు ఎవరికొచ్చిందో వేరే చెప్పాలా?

ఆ లెక్కలో లేని గడి ఒకటుంది: తల్లిని అడిగారా?

2009 జూలైలో అప్పటి ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10-14 ఏళ్ళ ఆడపిల్లలు సుమారు 14,000 మందికి హెచ్.పి.వి. టీకా వెయ్యడం మొదలుపెట్టారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ని అడ్డుకునే టీకా అది. నడిపింది పాత్ అనే అమెరికన్ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం. చాలామంది హాస్టళ్ళలో ఉండే గిరిజన పిల్లలు. కొందరు పిల్లలు చనిపోయారు, మహిళా సంఘాలు నిలదీశాయి, 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. మరణాలకి టీకా కారణమని తేలలేదు. తేలింది వేరే సంగతి. చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 వేలిముద్రలు, 2,763 హాస్టల్ వార్డెన్ల సంతకాలు! 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని గట్టిగా తప్పుపట్టింది.

వేలిముద్ర వేసిన తల్లికి ఆ కాగితం ఎవరు చదివి వినిపించారు? పిల్లకి అన్నం, చదువు చూడాల్సిన వార్డెనుకి ఆ పిల్ల ఒంటి మీద హక్కు ఎవరిచ్చారు?

టీకా వద్దని నేననడం లేదు. ఈ క్యాన్సర్‌కి ముందు బలయ్యేది పరీక్ష చేయించుకునే వీల్లేని పేద స్త్రీయే. 2022లో జాతీయ టీకా సలహా బృందం కూడా ఈ టీకాని సిఫారసు చేసింది. అయితే టీకా పడినా వయసొచ్చాక పరీక్ష తప్పదు. అది చెప్పకపోతే సగమే చెప్పినట్టు.

ఇక మన సంగతి. టీకాల రోజులు బుధ, శనివారాలు. పొద్దుటి బేరం వదిలేసి తల్లి ఎలా వెళ్తుంది? పిల్లని ఇంకెవరో తీసుకెళ్తారు, అడగాల్సినవి అడగరు. అందుకే అర్జీ పెడదాం: మధ్యాహ్నం, బేరాలు తగ్గాక, మార్కెట్ దగ్గరే టీకాలు వెయ్యాలి. ఏ జబ్బుకి, ఎన్ని డోసులు, జ్వరమొస్తే ఎవరి దగ్గరికెళ్ళాలి అన్నది తెలుగులో రాసిన కాగితం తల్లి చేతికివ్వాలి. అర్జీ ఇప్పుడే చదువుతాను. మార్చాల్సిందుంటే చెప్పండి, సంతకాలు తర్వాత.