విందు ముగిసిన తరువాత

సర్వ ప్రశంసలు అల్లాహ్‌కే చెందుతాయి. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం)పై, ఆయన కుటుంబంపై, సహచరులపై శాంతి శుభాలు వర్షించుగాక!

ధార్మిక సోదరులారా! గత రమజానులో మన మస్జిదు ఆవరణలో సామూహిక ఇఫ్తార్ జరుపుకున్నాము. మరునాడు తెల్లవారి ఫజ్ర్ నమాజు ముగించి బయటికి రాగా, ఊరి సఫాయి కార్మికురాలు మనం పారవేసిన ప్లేట్లు, గ్లాసులు ఏరుతున్నది. మమ్ము చూసి ఆమె అన్న మాట ఇది: "సాబ్, మీరు దినమంత ఉపాసముండి తిన్నరు. నేను పరగడుపున మీ ఎంగిలెత్తుతున్న." మేము బదులు చెప్పలేకపోయాము. ఉపవాసం పరుల ఆకలిని గుర్తించడం నేర్పుతుందని మింబరుపై బోధించినవారము మేమే కదా!

దారిలోని హానికర వస్తువును తొలగించడం విశ్వాసపు శాఖలలో ఒకటని దైవప్రవక్త (సఅసం) ఉపదేశించారు. అట్టి హానిని మనమే దారిలో వేసి, తొలగించే భారం మరొకరిపై మోపితే మన విశ్వాసం ఏమైనట్లు?

హిజ్రీ 7వ సంవత్సరంలో ఖైబర్ నుండి తిరిగివస్తూ, ప్రయాణంలోనే ఆయన హజ్రత్ సఫియా (రజి)తో తమ వలీమా జరిపారు. అందులో రొట్టె లేదు, మాంసం లేదు. తోలు దస్తర్‌ఖాన్ పరచి, దానిపై ఖర్జూరాలు, ఎండు పనీరు, నెయ్యి ఉంచారు. ఇంటికి దూరంగా ఉన్నా విందు లోపించలేదు, శుభం తగ్గలేదు.

థర్మల్ కేంద్రపు పొగగొట్టాలను మన చెల్పూర్ వాసులం నిత్యం వేలెత్తి చూపుతాము. షాదీఖానా వెనుక మనమే కాల్చే ప్లాస్టిక్ పొగ మాట ఎత్తము. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలను దేశంలో 2022 జూలై 1 నుండి నిషేధించారు. కాగితపు గ్లాసైతే దోషం లేదని కొందరు భావిస్తారు. దాని లోపల సన్నని ప్లాస్టిక్ పొర ఉంటుంది. 100 మిల్లీలీటర్ల వేడి పానీయం 15 నిమిషాలు అందులో ఉంటే సుమారు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ కణాలు కలుస్తాయని ఖరగ్‌పూర్ ఐఐటీ పరిశోధకులు 2020లో తేల్చారు.

మరి మార్గమేమిటి? సిద్దిపేట జిల్లా గ్రామాలలో స్టీలు బ్యాంకులు నెలకొల్పి, శుభకార్యాలకు పాత్రలు ఇస్తున్నారు. మన మస్జిదు తరఫున కూడా స్టీలు పళ్లెములు, గ్లాసులు సమకూర్చుదాము. ఇందుకు జకాత్ సొమ్ము ముట్టరాదు. అది పేదల హక్కు. ఐచ్ఛిక దానంతో కొని వక్ఫ్ చేద్దాము. వాటిలో భోజనం సాగినంత కాలం దాతకు సదఖయె జారియా పుణ్యం చేరుతుందని ఆశిద్దాము. మతభేదం లేకుండా ఇరుగుపొరుగుకూ ఇద్దాము. తోమే పనిని స్త్రీలకు వదలక యువకులు పంచుకోవాలి. తమ చెప్పులు తామే కుట్టుకున్న ప్రవక్త అనుయాయులకు ఇందులో నామోషీ లేదు. పాత్రలు చాలనప్పుడు మోదుగాకు విస్తళ్లున్నాయి.

పరకాలకో భూపాలపల్లికో వెళ్లేటప్పుడు నీళ్లసీసా, ఒక గ్లాసు వెంట ఉంచుకోండి. హోటలు నుండి కూర తెచ్చుకోవాలంటే ఇంటి నుండే డబ్బా తీసుకెళ్లండి. తినండి, తాగండి, వృథా చేయకండి అన్నదే ఖుర్ఆన్ బోధనా సారం.

రాబోయే రమజానులో ఆ సోదరిని చీపురుతో కాదు, అతిథిగా మన దస్తర్‌ఖాన్ వద్దకు పిలుద్దాము. అల్లాహ్ మనకు ఆ భాగ్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.