మంచుకొండల విహారమునకు వెల యెంత?



బియ్యమునకు ధర కలదు. కలపకు ధర కలదు. మంచు కప్పిన కొండపై ఒక దినము విహరించి వచ్చినవాని సంతోషమునకు ధర యేది? అంగడిలో ధర లేనిదానిని ప్రభుత్వపు లెక్కలలో సున్నగా వేయుట సులభము. సున్నగా వేసిన కొండను పాడుచేయుట మఱింత సులభము. అందుచే అర్థశాస్త్రజ్ఞులు ఈ సంతోషమును లెక్కించు విధమును వెదకిరి. ఆ విధమును, దాని హద్దులను మేము విన్నవింపదలచితిమి.

1947లో హెరాల్డ్ హోటలింగ్ అను పండితుడు అమెరికా జాతీయోద్యానముల శాఖకు వ్రాసిన లేఖలో ఒక ఉపాయము సూచించెను. విహారస్థలము చుట్టును వలయములు గీయవలెను. ఒక్కొక్క వలయమునుండి ఎందఱు వచ్చుచున్నారో, వారి ప్రయాణపు ఖర్చు ఎంతయో తెలిసికొనవలెను. దూరము పెరిగినకొలది ఖర్చు హెచ్చును, వచ్చువారు తగ్గుదురు. దూరమునుండి కొందఱు 50 డాలర్లు వెచ్చించి వచ్చుచున్నారనుకొందము. 10 డాలర్లతో వచ్చు సమీపవాసులలోను 50 ఇచ్చుటకు వెనుదీయనివారు కొందఱుందురు. వారికి మిగిలిన 40 డాలర్లు కొండవలన కలిగిన లాభము. ఇట్టి లాభములను కూడినచో విహారపు విలువ తేలును. 1959లో మేరియన్ క్లాసన్ ఈ పద్ధతిని ఆచరణలో పెట్టి చూపెను.

కాలిఫోర్నియాలో, సియెరా నెవాడా పర్వతములయందు, మినరల్ కింగ్ అను లోయ కలదు. 1965లో అటవీశాఖ అచ్చట స్కీయింగు కేంద్రమును నిర్మించుటకు పథకములు కోరి, వాల్ట్ డిస్నీ సంస్థ పథకమును ఎన్నుకొనెను. 3 కోట్ల 50 లక్షల డాలర్ల నిర్మాణము. దినమునకు 14,000 మంది సందర్శకులు. ప్రకృతి రక్షణకై పాటుపడు సియెరా క్లబ్బు 1969లో న్యాయస్థానమునకు పోయెను. తన సభ్యులకు కలుగు నష్టమును పేర్కొననందున దావాకు అర్హత లేదని 1972లో సుప్రీం కోర్టు తీర్పు చెప్పెను. అయినను ఆ కేంద్రము వెలయలేదు. 1978లో లోయ సెకోయా జాతీయోద్యానమున చేరెను.

ఇట్టిచోట 14,000 మంది సంతోషమును గుణించినంతమాత్రమున లెక్క ముగియదు. వారిలో అనేకులు ఇతర మంచుకొండలను విడిచి వచ్చువారే. అచటికంటె ఇచట అధికముగా పొందునది మాత్రమే నూతన లాభము. 1976లో మువ్వురు అర్థశాస్త్రజ్ఞులు ఇతర కేంద్రములను గూడ పరిగణించియే మినరల్ కింగ్ లాభమును గణించిరి.

రెండవ వైపున నష్టము కలదు. లోయలో ప్రశాంతముగా నడచువాని ఆనందము నిర్మాణముతో తఱుగును. తెగిన అడవి, త్రవ్విన వాలు మరల పూర్వరూపము పొందవు. ఎన్నడును అచటికి పోకున్నను ఆ లోయ ఉన్నదన్న తలపునకే విలువ నిచ్చువారు కలరని జాన్ క్రుటిల్లా 1967లో వాదించెను. అట్టివారు ప్రయాణము చేయరు గనుక వలయముల లెక్కలో కానరారు. దారిఖర్చు లేని పేదవాడును అందు కానరాడు. రాబోవు తరమువాడును కానరాడు.

కాబట్టి లెక్క వలదని మేము చెప్పము. లెక్క లేనిచో కొండ పక్షమున పలుకుటకు ఆధారమే యుండదు. అంకె చేతికి వచ్చినపుడు అందు ఎవరు చేరిరి, ఎవరు చేరలేదని అడిగిన పిమ్మటనే నిర్ణయము చేయుట మేలు.